ఒక్కరికే తెల్లారింది

సునామీ వచ్చిన తర్వాతి ఈస్టరుకి సమాధుల తోటకి తనతో రమ్మని అమ్మ నన్ను పిలిచింది. పిలవడంలో వింతేమిటంటారా? చెల్లి అక్సా పచ్చకామెర్లతో పోయిన దగ్గర్నుంచీ అమ్మ నా మొహం చూసి మాట్లాడింది లేదు. పోవాల్సింది నేనైతే బాగుండేదన్నట్టు ఉండేది ఆవిడ వరస. అలాంటిది ముందురోజు సాయంత్రం వంటింట్లోంచి, "రేపు తెల్లారగట్ట నాతో రాయే సుజీ" అనేసరికి నాకు ఏడుపొచ్చినంత పనయింది. బళ్లో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, చంటిపిల్లలా సంబరపడిపోయాను. పిలిస్తే చాలనుకునేదానికి ఎందుకు పిలిచారని అడిగే తెలివి ఎక్కడేడుస్తుంది?

అనకాపల్లిలో మా సంఘం వాళ్లు ఈస్టరు నాడు చీకటితోనే బయల్దేరతారు. సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టి, పాటలు పాడుతూ, పొద్దు పొడిచేదాకా అక్కడే ఉంటారు. ఆ వేళ మేమిద్దరం అందరికంటే వెనకగా నడిచాం. తుమ్మపాల వైపు ఎక్కడో చెరకు చెత్త తగలబెట్టినట్టున్నారు, గాలంతా ఆ వాసనే. అమ్మ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"సునామీకి భూమి తిరిగే యేగం మారిందని పేపర్లో రాసేరన్నావు గదే. యేగం తగ్గితే ఏటవుతాది?"

"మారింది లెక్కలోకి రానంతమ్మా. అది కూడా తగ్గలేదు, పెరిగింది."

"తగ్గితే అని అడుగుతన్నాను."

"రాత్రి సాగుతాది. ఒక్కసారే ఆగిపోతే బస్సు బ్రేకేసినట్టు అందరం తూర్పుకి పడతాం. ఒకపక్కోళ్లకి తెల్లారే ఉంటాది. రెండోపక్కోళ్లకి చీకటే."

అమ్మ నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. తర్వాత, "అయితే ఒకళ్లకే తెల్లారతాదన్నమాట" అంది.

నా పాఠం అమ్మ విందని మురిసిపోయాను నేను.

తోటలో కొత్త సున్నం వాసన, కరిగిన మైనం వాసన. అక్సా సమాధి చివరి వరసలో, ప్రహరీ గోడకి కాస్త ఇవతల ఉంటుంది. అమ్మ అగ్గిపుల్ల గీసి సమాధి మీద కొవ్వొత్తి వెలిగించింది. ఇంకోటి నా చేతికిచ్చింది.

"దాని దీపంలోంచి నీది ఎలిగించుకో."

సమాధికి దీపం ఇవ్వాలి గానీ సమాధి దగ్గర దీపం పుచ్చుకోకూడదని, పుచ్చుకున్నవాళ్లని సమాధుల్ని కాసేది వదలదని మా నాయనమ్మ ఒకటికి పదిసార్లు చెప్పేది.

"నాయనమ్మ వద్దనేది గదమ్మా?"

"నాకోసం ఎలిగించుకోవే..."

ఆ మాట వినడానికి నేను ఎన్నాళ్లుగా కాచుకున్నానో అమ్మకి తెలుసు. వంగి, వెలిగించుకున్నాను.

కాళ్ల కింద నేల ఒక్కసారి పట్టేసినట్టయింది. తూర్పుకి తూలి, చెల్లి సమాధి సిలువ పట్టుకుని నిలదొక్కుకున్నాను. చుట్టూ చూస్తే ఒక్కరూ తూలలేదు. పాట మాత్రం బ్యాటరీ అయిపోయిన టేపురికార్డరులా సాగి... సాగి... ఆగింది.

"అదిగో, పొద్దు పొడిచింది!" అన్నారు పాస్టరు జ్ఞానప్రకాశం గారు.

అందరూ తూర్పుకి తిరిగారు. ఎండ పడినట్టు కళ్లు చికిలించారు. కళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

అక్కడ సూర్యుడు లేడు.

చీకటి. కాటుకలాంటి చీకటి. నా కొవ్వొత్తి వెలుగులో వాళ్ల మొహాలు కనిపిస్తున్నాయంతే. ఒకళ్లనొకళ్లు పలకరించుకుంటున్నారు, దీపాలు ఆర్పేస్తున్నారు. నా కొవ్వొత్తి మంట కదలడం లేదు. కారిన మైనం బొట్టు సగంలో ఆగిపోయి ఉంది.

"అమ్మా..." గుసగుసగా పిలిచాను. "ఇంకా చీకటిగానే ఉందేటి?"

"ఉంటాదే."

"ఏటి సేసేవమ్మా?"

అమ్మ నా కేసి చూడలేదు. "అది సిన్నపిల్ల. ఇంకా ఏటీ సూడలేదు."

"మరి నేనో?"

నేను ఎదురుచూశాను... అప్పటికీ ఏదో ఒకటి చెబుతుందనే ఎదురుచూశాను. అంత పిచ్చిదాన్ని.

సమాధి అవతల ఎవరో లేచి నిలబడ్డారు. నా చీరే. నా చేతిసంచే. జడ మాత్రం ఎవరో ఇప్పుడే అల్లినట్టు బిగుతుగా ఉంది. అరచెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, ఎండ కొత్తైనట్టు నవ్వింది. అక్సా.

పాటలు పాడే స్టీవెన్ అన్న నా పక్కనించే వెళ్లి, దాని ముందు ఆగాడు. "హ్యాపీ ఈస్టర్ సుజి టీచరు గారూ!"

"హ్యాపీ ఈస్టర్ అన్నా" అంది, నా గొంతుతో.

అరిచాను. ఎవరూ తిరగలేదు. దెయ్యాన్ని చూస్తే గుండె ఆగిపోతుందంటారు. చెల్లిని చూస్తే నాకు భయం వెయ్యలేదు. దాని చెంగు సర్దుతున్న అమ్మని చూసి వేసింది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది కన్నతల్లి చేతిలో జరిగితే నొప్పి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నాకోసం అంది. ఒక్కమాట నిజంగా అడిగి ఉంటే, ఏమో, నేను ఒప్పుకునేదాన్నేమో. అడగను కూడా లేదు.

జనం గేటు వైపు కదిలారు. అమ్మా, అదీ చేతులు పట్టుకుని చివరగా నడిచారు. నా కొవ్వొత్తి వెలుగు దాటకముందే అమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది.

ఒక్కసారి నన్ను చూస్తుందనుకున్నాను. ఆవిడ చూపు నా మీద నిలవలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసి, రెండు చేతులూ జోడించింది.

"మాటిచ్చినట్టే తెచ్చేను" అంది.

వెళ్లిపోయింది.

నా వెనక ఎవరూ ఉండడానికి లేదు. అది చివరి వరస. ఆ తర్వాత గోడే.

కదలకుండా నిలబడ్డాను...

చల్లటి వేళ్లు నా మెడ వెనక తగిలాయి. నా జడ విప్పి, చిక్కులు తీసి, మళ్లీ మొదట్నుంచి అల్లడం మొదలుపెట్టాయి.