ఇరవై ఏడో నంబరు పెట్టె

డాక్టర్ అమలమ్మ గవర్నర్‌పేటలోని ఆ మేడమీది ఆఫీసుకు వచ్చి కూర్చుంది గాని, చేతిసంచీ ఒళ్లోంచి దించలేదు. ప్రైవేటు డిటెక్టివ్ వెంకటకృష్ణారావు మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. అసిస్టెంటు రాజ్యలక్ష్మి నోట్‌బుక్కు తెరిచింది.

"భవానీపురంలో నా ల్యాబొరేటరీ అండీ. తెల్లరక్తకణాల మీద పరిశోధన. మొన్న శుక్రవారం చౌడయ్య రక్తం పూసిన గాజు స్లైడ్ల పెట్టె పోయింది. ఆరేళ్ల పిల్లాడు. ఎప్పుడూ జ్వరాలు, చీముగడ్డలు. వాడి కణాలు క్రిముల్ని మింగేవి, కానీ చంపలేకపోయేవి. ఆ స్లైడ్లు నెలాఖరులోగా మద్రాసు పంపాలి. అక్కడివాళ్లు ఔనంటే, ఇలాంటి పిల్లల్ని పసితనంలోనే గుర్తుపట్టొచ్చు."

"మళ్లీ రక్తం తీస్తే?"

"వాడు పోయి రెండు నెలలైందండీ."

రాజ్యలక్ష్మి కలం ఆగిపోయింది.

డాక్టరు అనుమానం టెక్నీషియన్ పుల్లయ్య మీద. పరిశోధన వ్యాసంలో తన పేరు వేయలేదని ఆయన పోట్లాడాడట. ల్యాబుకు వెళ్లాక రాజ్యలక్ష్మికీ అదే నిజమనిపించింది. ఖరీదైన మైక్రోస్కోపు ముట్టుకోకుండా ఒక్క పెట్టె పట్టుకుపోవడానికి, దాని విలువ తెలిసినవాడే అయ్యుండాలి.

వెంకటకృష్ణారావు మాత్రం బీరువాలో మిగిలిన పెట్టెల్ని ఒక్కొక్కటే చూశాడు. అన్నిటికీ దారం చుట్టి ఉంది, పైన నంబరు ఉంది. డెబ్బై రెండో పెట్టె దారం ఒకచోట తెగి, మళ్లీ అతికి ఉంది. ఆయన గట్టిగా లాగాడు. నువ్వుగింజంత ముడి జారలేదు.

"ఇది మీరేసిందా, పుల్లయ్యగారూ?"

"ఇంత సన్నముడి నాకెక్కడొచ్చుద్దండీ?" అన్నాడు పుల్లయ్య ముఖం ముడుచుకుని.

"పిల్లల నంబర్లు బయటివాళ్లకు తెలుస్తాయా?"

"చీటీ మీద రాసి తల్లిదండ్రులకిస్తాం. అది చూపిస్తేనే రక్తం తీసేది."

ఆయా మణెమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. శుక్రవారం ఎవరెవరు వచ్చారని ఆయన అడిగాడు.

"రక్తం తీయించుకునేవోళ్లేనండీ. ఆ వెంకటరావమ్మ కూడా వచ్చింది. బిడ్డ పోయినా, వారం వారం మగ్గం పని మానుకుని మంగళగిరి నుంచి బస్సెక్కి వచ్చుద్ది. ఆ బల్ల మీద కాసేపు కూచుని పోద్ది. ఎందుకొచ్చావని ఎట్టా అడగనండీ?"

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం వెంకటకృష్ణారావు అందరినీ ల్యాబులోనే కూర్చోబెట్టాడు. చౌడయ్య తండ్రి పాండురంగయ్య, తల్లి వెంకటరావమ్మ కూడా వచ్చారు. దొంగ దొరకబోతున్నాడని రాజ్యలక్ష్మికి లోపల ఉత్సాహంగానే ఉంది.

"పుల్లయ్యగారు తీయలేదు," అన్నాడాయన. "చౌడయ్యది ఇరవై ఏడో నంబరు. వచ్చినవాళ్లు ముందు డెబ్బై రెండు విప్పారు. అంకెలు పోల్చగలరు గాని, ఏది ముందో ఏది వెనకో రూఢిగా తెలియదు. లోపలి నంబరును తమ చేతిలోని చీటీతో పోల్చి చూసి, తమది కాదని గ్రహించి, తెగిన దారం అతికించి పెట్టారు. కంగారులో కూడా చేతులు అలవాటైన ముడే వేశాయి. అది మగ్గం మీద తెగిన పోగు అతికే ముడి. ఈ గదిలోకి వచ్చే నేతవారు ఒక్కరే. అమ్మా, ఆ పూట మణెమ్మ భోజనానికి వెళ్లింది కదూ?"

పాండురంగయ్య ఉలిక్కిపడి భార్యవైపు తిరిగాడు. ఆమె తల వంచుకుని సంచీలోంచి చిన్న మూట తీసింది. పసివాడి చొక్కాలో చుట్టిన పెట్టె.

"మద్రాసు పంపుతారని చెప్పుకుంటుంటే విన్నానండీ. వాడి ఒంట్లోది ఇంక ఇదే గదా మిగిలింది. దీన్ని కూడా పంపించలేకపోయాను. తప్పేనండీ. పోలీసులకి చెప్పండి."

పుల్లయ్య లేచి వెళ్లి కిటికీ పట్టుకున్నాడు. రాజ్యలక్ష్మి తన ఉత్సాహానికి తనే సిగ్గుపడింది.

"పోలీసులెందుకమ్మా?" అంది అమలమ్మ. పెట్టెలోంచి ఒక స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. "ఎన్నిసార్లు రక్తం తీశానో గాని, ఒక్కసారీ నీకు చూపించలేదు. ఇలా రా."

వెంకటరావమ్మ ఒక కన్ను మూసి వంగింది.

"ఇయ్యి కదులుతయ్యా డాక్టరమ్మా?"

"లేదమ్మా. కదలవు."

"అయితే మద్రాసులోనూ ఇట్టాగే ఉంటయ్యా?"

"ఇలాగే ఉంటాయి. ఒక స్లైడు నీ కోసం ఇక్కడే ఉంచుతాను."

ఆమె తల ఊపింది, కానీ కన్ను తీయలేదు. మంగళగిరి బస్సు వేళ దాటిపోతున్నా, పాండురంగయ్య ఆమెను పిలవలేదు.