అయిదుగురూ ముబీనాయే

ఉదయం ఎనిమిదయ్యేసరికి కరిముల్లా ఇంటి వరండాలో పన్నెండు కొయ్య ఏనుగులు వరసగా నిలబడ్డాయి. కొండపల్లిలో బొమ్మలకు రంగు వేసే పద్ధతే అంత. పసుపైతే అన్నిటికీ పసుపే. అది ఆరాక అన్నిటికీ ఎరుపు.

"పసుపు ఆరిందో లేదో వేలితో చూసుకుని, అంబారీలకి ఎరుపు వెయ్యమ్మా" అని కూతురు ముబీనాకు అప్పగించి ఆయన బొమ్మలు చెక్కే కర్ర కోసం వెళ్లాడు. భార్య ఫరహత్ అప్పటికే కుట్టుపనికి ఇబ్రహీంపట్నం బస్సెక్కేసింది.

గంటలో తిరిగొచ్చి చూస్తే, అంబారీల మీద పసుపూ ఎరుపూ కలిసి చారలు చారలుగా కారిపోయి ఉన్నాయి. ముబీనా వరండాలో లేదు. లోపలి గదిలోంచి కంప్యూటర్ చప్పుడు వినిపిస్తోంది.

"ముబీనా!"

ఆ పిల్ల వచ్చి తల వంచుకుని నిలబడింది.

"పన్నెండూ పాడుచేశావు! బాబాయి తారిక్ ఆ కంప్యూటర్ ఇచ్చింది చదువుకోమని. ఇవాళే ఫోన్ చేస్తా, వన్ టౌన్ నుంచి వచ్చి పట్టుకుపోతాడు."

"అరవకురా" అంది గుమ్మంలో కూర్చున్న ఆయన తల్లి జమాల్ బీ. "ఈ వయసులో నువ్వు రేడియో వింటూ రంగు డబ్బా తన్నెయ్యలేదూ?"

"నువ్వూరుకో అమ్మా. పద, అంత ముంచుకుపోయే ఆటేంటో చూస్తాను."

తెర మీద అయిదు చిన్న కిటికీలు. ఒక్కో దాంట్లో ఒక్కో మనిషి. మీటల మీద ఎవరి చెయ్యీ లేకపోయినా అయిదుగురూ కలిసి నడుస్తున్నారు.

"ఎవరే నడిపిస్తోంది?"

"మాక్రో నాన్నా. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో ముందే రాసిపెడితే, కంప్యూటరే వీళ్లందరిచేతా చేయిస్తుంది."

"ఇందులో నువ్వెవరు? మిగతావాళ్లు నీ కాలేజీ పిల్లలా?"

ముబీనా వేలితో అయిదు కిటికీలనూ వరసగా చూపించింది.

"అయిదుగురూ నేనే నాన్నా."

"అదేంటి?"

"ఈ కోటలోకి అయిదుగురు కలిస్తేనే వెళ్లనిస్తారు. జట్టులో చేర్చుకోమని ఎవరినైనా అడగాలి. టైపు చేస్తాను, పంపడానికి భయమేసి చెరిపేస్తాను. అందుకే మిగతా నలుగుర్నీ నేనే తయారుచేసుకున్నా."

మా పిల్ల బంగారం, నోరెత్తదు అని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు కరిముల్లా. ఇంటర్ రెండో ఏడు వచ్చినా ఒక్క స్నేహితురాలైనా గడప తొక్కలేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

తెర మీద కత్తివాడు కూలబడ్డాడు.

"ఏమైంది వాడికి?"

"మందు వేసే అమ్మాయి వాడికి దెబ్బ తగలకముందే వేసేస్తోంది. రోజూ ఇక్కడే చచ్చిపోతున్నాం."

"మధ్యలో కాస్త ఆగమని రాశావా?"

"లేదు."

"వరండాలో చేసిందే ఇక్కడా చేశావన్నమాట."

ముబీనా పెదవి బిగబట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

కరిముల్లా స్టూలు లాక్కున్నాడు. "తర్వాత ఆ ఏనుగుల్ని ఇద్దరం గీకేసి మళ్లీ పసుపు వేద్దాం. ఫోన్ చెయ్యనులే. ముందు ఆ మందు పిల్లని నాకొదిలెయ్."

ఆమె మాక్రోలో మందు పిల్ల వరస చెరిపేసింది. ఆయన రంగు మరకల వేలు మీట మీద పెట్టాడు.

"ఇప్పుడు నాన్నా! అది కాదు, పక్కది! నొక్కు, నొక్కు!"

గుమ్మంలోంచి జమాల్ బీ గొంతు వినిపించింది. "ఒరే, ఎవర్రా ఆ కేకలు?"

"మన ముబీనాయే అమ్మా" అన్నాడు కరిముల్లా. కళ్లు తడిసి మీట సరిగ్గా కనబడలేదు. కత్తివాడు మళ్లీ పడిపోయాడు.