హెట్టీ వాకర్ తాతలు ఏం తొక్కారు?

బుధవారం మధ్యాహ్నం, బడి భోజనాల గది. హెట్టీ పళ్ళెంలో ఆలుగడ్డ ముద్ద అలాగే ఉంది. పక్కన బఠాణీలు చల్లారిపోయాయి. ఆమె చూపంతా బల్ల చివర ఒంటరిగా కూర్చుని తింటున్న జాస్ మీదే ఉంది.

అతను అలా ఒంటరివాడు కావడానికి కారణం హెట్టీయే మరి!

ఆ సోమవారం బ్రిమ్లీ మిస్ ఒక లావుపాటి పేర్ల పుస్తకం తెచ్చారు. "మన ఇంటిపేర్లలో చాలావరకు వెనకటి వాళ్ళు చేసిన పనుల పేర్లే," అన్నారు. మచ్చుకి జాస్ ఇంటిపేరు తీశారు. హాగర్డ్ అంటే పందులు కాసేవాళ్ళట. మిస్ పుస్తకం మూసేలోపే హెట్టీ "గుర్ర్, గుర్ర్!" అంది. క్లాసంతా గొల్లుమంది. ఇక అప్పటినుంచి జాస్ ఎటు వెళ్తే అటు గుర్రుగుర్రులే.

"శుక్రవారం అసెంబ్లీకి మీ పెద్దవాళ్ళు కూడా వస్తారు. మీ ఇంటిపేరు కథ ఇంట్లో అడిగి, కార్డు మీద రాసుకొచ్చి చదవాలి," అన్నారు మిస్.

బుధవారం సాయంత్రం హెట్టీ తాతయ్య ఇంటికి పరుగెత్తింది. ఆయన నలభై ఏళ్ళు ఊరి ఉన్ని మిల్లులో పనిచేసిన మనిషి.

"తాతయ్యా, మన ఇంటిపేరు వాకర్ అంటే ఏంటి?"

తాతయ్య టీ కప్పు పక్కన పెట్టాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇన్నాళ్ళకి అడిగావా తల్లీ! మగ్గం మీంచి దించిన ఉన్నిబట్టలో జిడ్డుంటుంది. నేత వదులుగా ఉంటుంది. వానొస్తే జల్లెడే అనుకో. దాన్ని తొట్టిలో వేసి, మనవాళ్ళు దానిమీద గంటల తరబడి నడిచేవాళ్ళు. తొక్కీ తొక్కీ గట్టిపరిచేవాళ్ళు."

"నీళ్ళలోనేగా?"

"నీళ్ళతో జిడ్డు పోతుందా? మూత్రంలో! నిలవబెట్టిన మూత్రం! ఇంటింటికీ తిరిగి కుండల్లో పోగుచేసేవాళ్ళు. మందు ముట్టని ఇళ్ళదైతే మేలురకం అని కూడా చెప్పుకునేవాళ్ళు," అంటూ తాతయ్య కడుపుబ్బా నవ్వాడు.

పందులు నయం కదరా దేవుడా! తను జాస్‌ని ఏడిపించినట్టే అందరూ తనని ఏడిపిస్తే? "కంపు హెట్టీ, కంపు హెట్టీ" అని ఇప్పటినుంచే చెవుల్లో వినిపించసాగింది.

ఆ రాత్రి కార్డు మీద అందంగా రాసింది: "మా వాళ్ళు రాజుగారి గుర్రం ముందు దారి చూపిస్తూ నడిచేవాళ్ళు."

గురువారం మిస్ అది చదివి కళ్ళు పెద్దవి చేశారు. "భలే! ఎవరు చెప్పారు?"

"మా... మా తాతయ్య."

"అయితే ఆయన తప్పకుండా రావాలి. నేనే ఫోన్ చేసి పిలుస్తాను."

హెట్టీకి పై ప్రాణాలు పైనే పోయాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇదెక్కడ అతుకుతుంది? శుక్రవారం పొద్దున కడుపునొప్పి అంది. అమ్మ నుదురు తాకి చూసింది. "జ్వరం లేదు, ఏమీ లేదు. పద పద! మీ తాతయ్య నీకన్నా ముందే బయల్దేరి ఉంటాడు," అంది.

నిజమే. తాతయ్య టై కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఒళ్ళో రెండు ఉన్నిబట్టలు, ఒక కూజాలో నీళ్ళు! మిస్ ఎదురెళ్ళి చెయ్యి కలిపారు.

"మీ వాళ్ళు రాజుగారి ముందు నడిచారట కదా! హెట్టీ ఎంత బాగా రాసిందో."

తాతయ్య హెట్టీ వైపు చూశాడు.

"అలాగా?" అన్నాడు. ఒళ్ళోని బట్టలు మెల్లగా మడిచి, సంచిలో పెట్టేసుకున్నాడు.

తిట్టినా బాగుండేది. హెట్టీకి ఏడుపొచ్చినంత పనైంది.

ముందు జాస్ వంతు. "హాగర్డ్ అంటే..." అనగానే వెనకనుంచి "గుర్ర్" వినిపించింది. జాస్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. "పందులు కాసేవాళ్ళు. ఎంత వానైనా వాటిని అడవిలోకి తోలుకెళ్ళి, రాలిన కాయలు మేపేవాళ్ళు. ఒక్కటి తప్పిపోయినా వెతికి తెచ్చేవాళ్ళు," అని చివరిదాకా చదివి కూర్చున్నాడు.

తర్వాత హెట్టీ లేచింది. కార్డు వైపు చూసింది. తాతయ్య ఒళ్ళోని సంచి వైపు చూసింది. కార్డుని రెండుగా మడిచి జేబులో కుక్కేసింది.

"నా కార్డులో రాసింది అబద్ధం," అంది. "మా తాతయ్య చెప్పింది వేరు. మా వాళ్ళు ఉన్నిబట్టని తొక్కేవాళ్ళు. మూత్రంలో."

వెంటనే "యాక్!" "ఛీ ఛీ!" అని హాలు హోరెత్తింది. సగంమంది ముక్కులు మూసుకున్నారు. హెట్టీ కదల్లేదు.

"మూసుకోండి, ఫర్వాలేదు. సోమవారం జాస్‌ని చూసి మొదట గుర్రుమన్నది నేనే. అలా అని ఉండాల్సింది కాదు. సారీ జాస్." తర్వాత ముందు వరసకేసి చూసింది. "తాతయ్యా, ఆ బట్టలు ఇస్తావా?"

తాతయ్య కళ్ళు తుడుచుకుని సంచి అందించాడు.

"ఇది తొక్కని బట్ట. ఇది తొక్కింది. వీటిని ఒక్కొక్కటిగా అటూ ఇటూ ఎవరైనా పట్టుకోవాలి."

ఎవరూ లేవలేదు.

అప్పుడు జాస్ లేచొచ్చి, ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర మిస్ పట్టుకున్నారు. హెట్టీ తాతయ్య కూజాలోంచి నీళ్ళు పోసింది. తొక్కని బట్టలోంచి నీళ్ళు జరజరా కారి జాస్ బూట్లు తడిశాయి. తొక్కిన బట్ట మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయి. చుక్క దిగలేదు.

"అబ్బో!" అన్నారు పిల్లలు. మూసిన ముక్కులు తెరుచుకున్నాయి.

"వానలో మా పందులకి ఇవే కప్పేవాళ్ళేమో," అన్నాడు జాస్ మెల్లగా.

"పందులకి కాదురా!" అని తాతయ్య ముందు వరసలోంచి గట్టిగా అన్నాడు. "వానలో వాటిని కాసిన మీ తాతలకి కప్పాం!"

ఈసారి జాస్ కూడా నవ్వాడు.

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టారు. చేప, ఆలుగడ్డ వేపుడు పెట్టించుకుని హెట్టీ ఎప్పుడూ కూర్చునే చోటు దాటేసింది. బల్ల చివరిదాకా వెళ్ళి ఆగింది.

"ఇక్కడ ఎవరైనా కూర్చుంటున్నారా?"

జాస్ తడి బూట్లు లోపలికి లాక్కుని, పక్కకి జరిగాడు.