మూగబోయిన మ్యాక్

చింతామణి టొమాటో మండీలో మనిషిని చంపాలంటే తుపాకీ చప్పుడు దాచుకోవాల్సిన పని లేదు. వేలంపాట అరుపులే చాలు.

నాగేశ్ తలగుడ్డ చుట్టుకుని, మాసిన లుంగీతో టొమాటో బాక్సుల పక్కన కూర్చున్నాడు. ఊరికి అతను కంప్యూటర్లు రిపేరు చేసే మనిషి. బెంగుళూరులో ఒక తలుపు మూసిన గదికి మాత్రం ఏజెంట్ ఏడు. ఈ పొద్దు వేషం హమాలీది.

పొడవాటి విదేశీయుడొకడు, భుజానికి బ్యాగుతో, జనాన్ని తోసుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తడి సొప్పు పురుగుకు పెట్టొచ్చా?" వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"పెడితే పంట పోతాది."

సొప్పంటే పట్టుపురుగు మేసే మల్బరీ ఆకు. కోడ్ సరిపోయింది. వచ్చినవాడు విక్టరే. మెల్లగా కిందికి కూలబడ్డాడు. చొక్కా మీద ఎర్రటి మరక చూసి టొమాటో రసం అనుకున్నాడు నాగేశ్. మరక పెద్దదవుతూ ఉంటే అప్పుడు తెలిసింది.

"ఆర్కిడ్..." అన్నాడు విక్టర్. ఆర్కిడ్ అంటే దొంగ పట్టునూలు ఓడల్లో దింపే విదేశీ ముఠా. వాళ్ల ఇంజినీరే విక్టర్. మనసు మారి, ఈ పొద్దు ఇటు వచ్చాడు. "శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ పైకప్పులో స్ప్రే బాక్సులు. లోపల పట్టుపురుగు రోగం. జనంలో వాళ్ల మనిషి. వేలం గంట కొట్టగానే..." దగ్గాడు. "ఆపే సిగ్నల్ ఈ బ్యాగులో, మ్యాక్ ల్యాప్‌టాప్‌లో ఉంది. విండోస్ ప్రోగ్రామ్. మెషిన్ ఒక శబ్దం చేస్తుంది. తెర మీది నంబర్‌కి రింగ్ చేసి ఫోనులో వినిపించాలి. వేరే కంప్యూటర్‌లో వేస్తే చెరిగిపోతుంది."

"మరి వినిపిస్తాం, అంతే కదా?"

"నిన్న వాళ్లు విండోస్ మళ్లీ వేయించారు. డ్రైవర్ ప్రోగ్రాములు లేవు. సౌండ్ రాదు. డిస్క్ నా రూములో... పేరేసంద్ర ద్రాక్షతోట..."

పక్కన ఎవరో ధర పెంచారు. విక్టర్ తల బాక్సు మీద వాలింది.

నాగేశ్ బ్యాగు భుజాన వేసుకుని బైకు దగ్గరికి నడిచాడు. పరిగెత్తలేదు. మండీలో పరిగెత్తేవాణ్ణి అందరూ చూస్తారు.

సెల్‌ఫోన్‌లో చీఫ్ వెంకటరాయప్ప గొంతు పొడిగా ఉంది.

"మార్కెట్ ఖాళీ చేయిస్తే?"

"వాళ్ల మనిషి జనంలో ఉండాడు సార్. జనం కదిలితే చేత్తో నొక్కేస్తాడు. ముందు బాక్సులు చచ్చిపోవాల."

"స్ప్రే పడితే?"

"మనుషులకేం కాదు. బుట్టల్లో, గోతాల్లో రోగం ఊరూరికీ పోతాది. ఏళ్ల తరబడి ఈ జిల్లాలో పురుగు గూడు కట్టదు."

"వినుత డ్రైవర్ సీడీతో తోటకు బయలుదేరుతుంది. మన మనిషే. ఓవర్."

నాగేశ్ ఇంకో మాట చెప్పలేదు. మిట్టేమరి నుంచి తన అక్క కెంపమ్మ ఈ పొద్దే గూళ్లు వేసుకుని శిడ్లఘట్టకు పోయింది. రెండు పంటలు పోయాక చేతికొచ్చిన పంట. ఇది కూడా పోతే అక్క పురుగులు పెంచే ఇంటికి తాళమే.

*

బాగేపల్లి రోడ్డులో పేరేసంద్ర దాటాక మునిలక్ష్మమ్మ ద్రాక్షతోట. పంపుహౌసు పక్క గదిలో విక్టర్ ద్రాక్ష వ్యాపారినని చెప్పి అద్దెకుండేవాడు. గదిలో మంచం, చాప, విరిగిన చంద్రికె ఒకటి ఉన్నాయి. పట్టుపురుగు గూడు కట్టడానికి ఎక్కించే వెదురు తట్టను అక్కడ చంద్రికె అంటారు. డిస్క్ మాత్రం లేదు.

కరెంటు కూడా లేదు. బ్యాటరీతోనే మ్యాక్ ఆన్ చేశాడు. తెర వెలిగింది. ఏదో ఒకటి జరగాల్సింది జరగలేదని మనసుకు తట్టింది. ఏమిటో అందలేదు. విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. వై-ఫై లేదు. తెర వెలుతురు తగ్గదు. టచ్‌ప్యాడ్‌కు ఒకటే బటన్, రైట్ క్లిక్ లేదు. షిఫ్ట్, ఎఫ్ 10 కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరిచాడు. డ్రైవర్ లేని వాటి పక్కన పసుపు ప్రశ్నార్థకాలు, గోడ మీద కోళ్లు కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. ఆడియో పక్కనా ఒకటి. ప్రోగ్రామ్ నడిపాడు. తెర మీద గీత ఎగిరింది, దిగింది. చెవి ఆనించి విన్నా చీమ చిటుక్కుమనలేదు.

బయట కారు ఆగింది. వినుత దిగింది. నల్ల కళ్లద్దాలు, పల్చటి నీలం చీర, ఎత్తు చెప్పులు.

"నేరుగా బెంగుళూరు నుంచే వస్తున్నా. ట్రాఫిక్ భయంకరం," అంటూ సీడీ చేతిలో పెట్టింది.

చెప్పు మడమకు టొమాటో గింజ ఒకటి అంటుకుని ఉంది. ఇంకా తడి ఆరలేదు. నాగేశ్ చూశాడు. చూసి, మనమ్మాయే కదా అని ఊరుకున్నాడు. చీఫ్ మాట మీద నమ్మకం అలాంటిది.

సీడీ లోపలికి పోయింది. సెటప్ నడిచింది. కాసేపటికి తెర మొత్తం నీలమై, తెల్లటి అక్షరాలు దిగాయి. మెషిన్ బిగుసుకుపోయింది.

"అయ్యో," అంది వినుత, ఏమాత్రం బాధ లేకుండా. లిప్‌స్టిక్ తీసి మూత విప్పింది. లోపల రంగు లేదు. సన్నటి గొట్టం ఉంది. "విక్టర్ ఒక్కడితో సరిపోతుందనుకున్నా నాగేశ్. మ్యాక్ ఇటివ్వు."

"రెండు పక్కలా జీతమా?"

"వాళ్లు టైముకి ఇస్తారు."

ఆమె చేయి చాచుతూ తలుపులో వెలుతురు పడే చోటికి వచ్చింది. సుయ్‌మని ఒక చప్పుడు. గులకరాయి మణికట్టుకు తగిలి లిప్‌స్టిక్ ఎగిరి మంచం కింద పడింది. పందిరి కింద మునిలక్ష్మమ్మ నిలబడి ఉంది, చేతిలో చిలకలను తోలే ఒడిసెల ఇంకా ఊగుతూ.

"ఏమ్మా, మా తోటకొచ్చి మా మనిషినే కొడతావా? చిలకైనా అరిచి దిగుతాది, నువ్వు చప్పుడే లేకుండా దిగితివే!"

ఇద్దరూ కలిసి వినుతను డ్రిప్ పైపుతో మంచపు కోడుకు కట్టేశారు.

"అమ్మా, ఆ తెల్లాయన రూములో అద్దం మాదిరి బిళ్ల ఉండె. యాడ?"

"తెల్లాయన పారేసినాడనుకుని పందిట్లో కట్టేస్తినప్పా. తళతళంటే చిలకలు దిగవు. ఊళ్లో ఎవరు పారేసినా నాకే తెచ్చిస్తారు."

నాగేశ్ బయటికొచ్చి చూశాడు. పందిరి పొడుగునా సీడీలు గాలికి తిరుగుతున్నాయి. పెళ్లి వీడియోలు, భక్తి పాటలు, ఆటలు. అన్నిటి మీదా తీగలకు కొట్టిన మైలుతుత్తం నీలంగా పేరుకుని ఉంది. ఒక్కొక్కటి తిప్పి చూస్తూ వరస వెంబడి నడిచాడు. ఎండ మీదికొచ్చింది. శిడ్లఘట్టలో ఈపాటికి వేలానికి జాలీ తట్టల్లో గూళ్లు పోసి ఉంటారు. చివరి స్తంభం దగ్గర బూడిదరంగు లేబుల్‌తో మ్యాక్ డిస్క్ దొరికింది.

లుంగీ కొసతో తుడిచాడు. గీతలు గీతలుగా ఉంది. మెషిన్ ఆపి మళ్లీ వేసి, వినుత సీడీ తీసేశాడు. ఎఫ్ 8 నొక్కి, దానికి ముందున్న స్థితికి విండోస్‌ను వెనక్కి నడిపించి, డిస్క్ తోశాడు. మెషిన్ లోపల రాతి మీద కొడవలి నూరినట్టు గరగర. వై-ఫై డ్రైవర్, చదవలేను అంది. కెమెరా, చదవలేను అంది. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. ఆడియో దగ్గర గీత చాలాసేపు ఆగింది. తర్వాత కదిలింది.

రీస్టార్ట్. డివైస్ మేనేజర్‌లో ఆడియో పక్కన ప్రశ్నార్థకం పోయింది. నంబర్‌కి రింగ్ చేశాడు. అవతల ఎవరో ఎత్తినట్టు క్లిక్. ప్రోగ్రామ్ నడిపాడు.

నిశ్శబ్దం.

"రాదు," అంది మంచం దగ్గర నుంచి వినుత. "ఇంకేం చెయ్యలేవు. ఇంటికి పో."

నాగేశ్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క కనిపించింది, జాలీ ముందు తల మీద కొంగు కప్పుకుని. చేసేదేమీ లేదు. డ్రైవర్ ఉంది. శబ్దం లేదు.

అప్పుడు తట్టింది, మొదటిసారి ఆన్ చేసినప్పుడు జరగనిదేమిటో. మ్యాక్ ఆన్ అవగానే డోంగ్‌మని మోగాలి. అది విండోస్ రాకముందే మోగే మోత, దానికి ఏ డ్రైవరూ అక్కర్లేదు. అది కూడా మోగలేదు. అంటే జబ్బు విండోస్‌ది ఒక్కటే కాదు.

మెషిన్ పక్కకు తిప్పాడు. హెడ్‌ఫోన్ బెజ్జంలో ఎర్ర దీపం వెలుగుతోంది. లోపలి చిన్న స్విచ్ ఇరుక్కుపోయి, వైరు పెట్టి ఉందనుకుని స్పీకర్లను మూసేసుకుంది మెషిన్. చంద్రికె నుంచి వెదురు పుల్ల విరిచాడు. బెజ్జంలో దూర్చి కదిపాడు. దీపం ఆరలేదు. మళ్లీ కదిపాడు. పుల్ల విరిగింది. ఇంకో పుల్ల. ఫోనులో, అవతల బాక్సు చెవిలోంచి, శిడ్లఘట్ట జనం గోల వినిపిస్తోంది. గోల ఒక్కసారిగా తగ్గింది. వేలం గంట కొట్టే ముందు అంతే, అందరూ ఆగుతారు.

దీపం ఆరింది. ప్రోగ్రామ్ ఇంకా నడుస్తూనే ఉంది. మ్యాక్ గొంతు చించుకుని అరిచింది, వందల కీచురాళ్లు ఒక్కసారి కూసినట్టు. ఫోను స్పీకర్‌కు అదిమి పట్టాడు. అవతల గణగణమని గంట. దాని మీదే చిన్న క్లిక్. లైను చచ్చిపోయింది.

తెర మీద ప్రోగ్రామ్ తనను తాను చెరిపేసుకుంది. వెనకే బ్యాటరీ పోయింది.

*

కాసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు. బాక్సులు చచ్చాయి, పోలీసులు దించుతున్నారు. జనంలో ఉన్న ఆర్కిడ్ మనిషి దొరికాడు. వినుత కోసం జీపు వస్తోంది. "గుడ్ వర్క్. మ్యాక్‌లో ఇక ఏమీ లేదు, నువ్వే పారెయ్."

తర్వాత కెంపమ్మ, మార్కెట్ బయటి కాయిన్ బూత్ నుంచి.

"యాడుండావు రా? పైన ఏదో పెట్టెలు దించుతాండారు, పోలీసులు. మాకేం తెలీలేదు."

"గూళ్లు ఎట్ల పోయెనక్కా?"

"యాడ పోయేది. బయటి దేశం నూలు ఓడలకు ఓడలు దిగిందంట. సర్కారే వదిలిందంట, దొంగతనంగా గాదు. అడిగేవాడే లేడు. బండి బాడుగకు కూడా రాలేదు." ఇంకో నాణెం పడిన చప్పుడు. "చంద్రికెలు అమ్మేద్దామనుకుంటాండా. నీకేమైనా కావాల్నా?"

నాగేశ్ చేతిలో విరిగిన వెదురు పుల్ల ఇంకా ఉంది.

"నాకొకటి పెట్టక్కా," అన్నాడు.

తలుపు దగ్గర మునిలక్ష్మమ్మ నిలబడింది. "మా బిళ్ల ఇచ్చి పోప్పా. ఆ మూల చిలకలు దిగతాండాయి."

బటన్ నొక్కాడు. బ్యాటరీ లేని మెషిన్ డిస్క్ ఇవ్వలేదు. తిరగేసి కొట్టినా ఇవ్వలేదు. నాగేశ్ లేచి, మ్యాక్‌ను అలాగే తీసుకుపోయి చివరి స్తంభానికి తాడుతో వేలాడదీశాడు. వెండి మూత ఎండకు ధగధగమంది. చిలకల గుంపు కెవ్వుమంటూ లేచి బాగేపల్లి వైపు పోయింది.

ఏ డ్రైవరూ అడగకుండా అది చేసిన మొదటి పని అదే.