నీళ్లలోకి దిగిన ప్రేమ

"ఏవండీ, ఆ డ్రిల్లు కాసేపు ఆపుతారా? పక్క గదిలో ఎగ్జామ్‌కి చదువుకుంటున్నాను!"

విసురుగా యూనివర్సిటీ వర్క్‌షాప్ తలుపు తోసుకుని వచ్చింది రాగిణి. 2009లో అమెరికాలోని మిషిగన్‌కి వచ్చి మెకానికల్‌లో ఎం.ఎస్. చేస్తోంది. చదువవగానే ఏదో ఒక ఐటీ ఉద్యోగం చూసుకోవాలనేదే ఆమె ఆలోచన.

డ్రిల్లు పట్టుకున్న కుర్రాడు కంగారుగా లేచాడు. "సారీ అండీ. నా పేరు అనుదీప్. ఇది మా స్టూడెంట్ టీమ్ రోబో. నీళ్లలో ఈదుతుంది."

"నిజంగా ఈదుతుందా?"

"ప్రస్తుతానికి మునుగుతోంది."

రాగిణికి నవ్వాగలేదు. వంగి చూసింది. "బరువంతా ముందువైపే పెట్టేశారుగా! బ్యాటరీ వెనక్కి జరపండి."

"మీరే జరపండి," అంటూ స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు.

అలా టీమ్‌లో చేరిపోయింది. చలికాలమంతా ఇద్దరూ పోట్లాడుకుంటూనే పనిచేశారు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

వసంతంలో రోబోని యూనివర్సిటీ స్విమ్మింగ్ పూల్‌లో వదిలారు. తీగ లేదు, రిమోట్ లేదు. అది నీటి అడుగున ఒక్క క్షణం ఆగి, మెల్లగా తిరిగి, దూరంగా వేలాడుతున్న ఎర్ర బంతిని వెతుక్కుంటూ వెళ్లి ముక్కుతో తాకింది.

రాగిణి మొహం వెలిగిపోయింది. తను బిగించిన మరలు, తను వేసిన లెక్కలు ఒక ప్రాణిలా కదులుతున్నాయి! పక్కన అనుదీప్ బంతిని చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు.

చదువయ్యే నాటికి మార్కెట్ బాగాలేదు. అనుదీప్ అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో ఐటీ కాంట్రాక్ట్‌కి ఒప్పుకున్నాడు. రాగిణికీ అక్కడే ఉద్యోగం వచ్చింది. దాంతోపాటు సముద్రపు రోబోలు చేసే ఓ చిన్న కాలిఫోర్నియా కంపెనీ కూడా పిలిచింది. ఇంటర్వ్యూలో వాళ్లు మార్కులు అడగలేదు. రోబో ఎందుకు మునిగిందో అడిగి, ఆమె చెబుతుంటే అలా వింటూ ఉండిపోయారు. ఉద్యోగం ఇస్తామన్నారు.

"కాలిఫోర్నియా వాళ్లు వీసా గ్యారంటీ లేదన్నారు. బెంటన్‌విల్ వచ్చేస్తాను, అనుదీప్. నువ్వూ ఉంటావు కదా."

"నా కోసం రావద్దు."

ఆమె మొహం వాడిపోయింది. "నేను రావడం నీకిష్టం లేదా?"

"పిచ్చిదానా! ఆ రోజు పూల్ దగ్గర నీ మొహం చూశాను. అది పోగొట్టుకోకు. వెళ్లు."

వెళ్లింది. వీసా వచ్చింది. ఫోన్లలోనే రెండేళ్లు గడిచాయి.

2013 వేసవిలో ఆమె డిజైన్ చేసిన రోబో మొదటిసారి పసిఫిక్‌లోకి దిగుతోంది. అనుదీప్ సెలవు పెట్టి వచ్చాడు. పడవలో, స్క్రీన్ ముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

నీలం నలుపైంది. ఆ చీకట్లోంచి గాజులాంటి జీవి ఒకటి, ఒళ్లంతా మినుకుమినుకుమంటూ తేలుతూ వచ్చింది. అనుదీప్ స్క్రీన్ మీదికి వంగాడు.

"రాగిణీ," అన్నాడు, "నేనూ ఇదే చేయాలి."

"మా టీమ్‌లో ఓపెనింగ్ ఉంది. ఇంటర్వ్యూ మాత్రం పాసవ్వాలి."

"మరి నువ్వు? నువ్వు దక్కాలంటే ఏం పాసవ్వాలి?"

స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"నన్ను రావద్దన్న రోజే పాసయ్యావు."