ఆలస్యంగా లేచిన దద్దు

సాయంత్రం 4.40కి కాలేజీ ల్యాబ్‌లో పెద్ద మైక్రోస్కోప్ కనబడలేదు. పెట్టెతో సహా మాయం.

5.10కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది.

ల్యాబ్ అటెండర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. కుడి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఆ చెయ్యి చూపించమనండి మేడమ్," అన్నాడు స్టోర్ కీపర్.

అరచేతికి అడ్డంగా వేలు మందాన ఎర్రటి దద్దు. చొక్కా కాలర్ జరిపితే ఎడమ భుజం మీద ఇంకొకటి, పట్టీ వెడల్పున.

"ఏం మోశావు?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఏమీ లేదండి."

"ఇవెలా వచ్చాయి?"

అటెండర్ చెయ్యి మళ్లీ వెనక్కి పెట్టుకున్నాడు.

స్టోర్ కీపర్ అందుకున్నాడు. "నేను చూశాను మేడమ్. 4.15కి పెట్టె పట్టీ భుజాన తగిలించుకుని వెనక మెట్లు దిగాడు. అన్నయ్యా అని పిలిచిన నోటితోనే చెప్పాల్సి వచ్చింది, నా ఖర్మ!"

"ఇంట్లో ఎవరున్నారు?" అటెండర్ని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"నా భార్య ఉందండి." చాలా త్వరగా అన్నాడు.

"పిలిపించనా?"

"వద్దండి. ఆవిడ్ని ఇందులోకి లాగకండి. కావాలంటే నన్ను లోపలేసేయండి."

ఇన్‌స్పెక్టర్ అతన్ని ఆ దద్దులేమిటో తేల్చుకోవడానికి చర్మ వ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"దురదా, మంటా?" అంది డాక్టరమ్మ.

"మంటేనండి. ఇదివరకూ వచ్చేది. చెబితే అంటురోగం అనుకుంటారని..."

"అంటదయ్యా. మామూలు దద్దుర్లు గీరిన నిమిషాల్లో లేస్తాయి. కొందరికి బరువు నొక్కినచోట గంటల తర్వాత లేస్తాయి. రేపు పరీక్షిద్దాం."

ఆ రాత్రి ఇంటికి పొమ్మన్నా అతను పోలేదు. స్టేషన్ బెంచీ మీదే పడుకున్నాడు.

మర్నాడు 9.00. కుడి భుజానికి ఇసుక సంచి వేలాడదీశారు. పావుగంట తర్వాత తీశారు. చర్మం మామూలుగానే ఉంది. 12.00కీ అంతే. 2.30కి పట్టీ వెడల్పున ఉబ్బింది.

4.00కి ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ ల్యాబ్‌లో కూర్చోబెట్టింది.

"4.15కి మోస్తే 5.10కి ఈ దద్దు లేవదు. ఇతను మోసింది పదకొండు, పన్నెండు మధ్య. ఆ గంట పర్మిషన్ పెట్టినట్టు రిజిస్టర్‌లో ఉంది. అప్పటికి మైక్రోస్కోప్ ఈ బల్ల మీదే ఉంది, క్లాసు జరుగుతోంది."

"నేను కళ్లారా చూశానండీ!" అన్నాడు స్టోర్ కీపర్.

"మీరు చూసింది దద్దుని. దాన్ని చూసి పట్టీని అల్లారు." ఆమె రెండో మైక్రోస్కోప్ పెట్టెను బల్ల మీద పెట్టింది. "పోయిన పెట్టే, ఇదీ ఒకే రకం. పైన పిడి ఉంది. పట్టీ ఏది?"

స్టోర్ కీపర్ తన గది వైపు చూశాడు.

స్టోర్ రూమ్‌లో పాత చార్టుల వెనక పెట్టె దొరికింది. లెన్సు రెండు ముక్కలు.

"చెయ్యి జారింది మేడమ్. ఉద్యోగం పోతుందని..." అన్నాడు స్టోర్ కీపర్.

అటెండర్ మొహంలో సంతోషం లేదు.

"మీరు పదకొండింటికి ఏం మోశారో రాయాలి," అంది ఇన్‌స్పెక్టర్.

"రాయకపోతే కుదరదా అండి?"

"కుదరదు."

అటెండర్ బల్ల మీది పెన్ను ఆమె వైపు జరిపాడు.

"ఒక సూట్‌కేసు, ఒక బ్యాగు. నా భార్యవి. బస్సు దాకా నేనే మోశాను. తను వద్దంది. బరువుగా ఉన్నాయని నేనే..."

"ఎప్పుడొస్తానన్నారు?"

"రానంది."

"నిన్ననే చెప్తే పోయేది కదా?"

"చెప్పనంతసేపూ ఇంట్లోనే ఉన్నట్టుంటుంది కదండీ."

ఇన్‌స్పెక్టర్ రాసింది. అతను వాచిన చేత్తో సంతకం పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇంటి తాళంచెవి ఉందో లేదోనని జేబు తడుముకున్నాడు. ఇన్నేళ్లలో అది అతని జేబులో ఉండటం ఇదే మొదలు.