క్వారీలో కచేరీ

“కుదరదు,” అన్నాడు సేఫ్టీ ఆఫీసర్, ఆమె ఇచ్చిన కాగితం సగం కూడా చదవకుండానే.

“పూర్తిగా చదివి అనండి. నా మనసుకి కాస్త తృప్తిగా ఉంటుంది,” అంది వయొలిన్ టీచర్.

అతను చదివాడు. మూతపడిన రాళ్ల క్వారీలో ఒక సాయంత్రం కచేరీ చేయడానికి పర్మిషన్ కావాలట. వాయించేవాళ్లు ఆరుగురు, వినేవాళ్లు రెండొందల మంది. మైకులు ఉండవు.

“మీకు హాళ్లు దొరకవా?”

“హాల్లో ఏసీ చప్పుడు కూడా వినాలి. కిందటేడు నీళ్లు లేని స్విమ్మింగ్ పూల్‌లో వాయించాం. అంతకుముందు ఫ్లైఓవర్ కింద. మీ క్వారీ రాతిగోడ ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, ఎందుకొచ్చానో తెలుస్తుంది.”

“ఆ గోడ ఎత్తు నలభై మీటర్లు మేడమ్. రాయి ఊడి ఎవరి నెత్తినన్నా పడితే?”

“ఏ రాయి ఊడుతుందో చూపించండి. దాన్ని తీసేశాకే వస్తాం.”

చూపించేదాకా వదల్లేదు. ప్రతి శనివారం పదింటికల్లా వచ్చి, ఒళ్లో వయొలిన్ పెట్టెతో అతని గది బయట కూర్చునేది. నాలుగో శనివారం అతనే ఓడిపోయి, ఆమె చేతికి హెల్మెట్ ఇచ్చి గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

పొడవాటి ఇనుప కడ్డీతో రాళ్లని ఒక్కొక్కటే తడుతూ చెప్పాడు. “గట్టి రాయైతే ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది.”

ఆమె కళ్లు మూసుకుంది. “ఆగండి. దాని పక్కది మళ్లీ కొట్టండి. అది డొల్ల.”

“కాదు, బాగానే ఉంది.”

“మళ్లీ కొట్టండి.”

కొట్టాడు. చెవి ఆనించి ఇంకోసారి కొట్టాడు. రెండేళ్లుగా తనే తనిఖీ చేస్తున్న రాయి. లోపల పగులుంది!

“మీకు హెల్మెట్ కాస్త వదులైంది,” అన్నాడు, మాట మార్చి.

ఆ రోజు నుంచి శనివారాలన్నీ గోడవే. అతను తట్టేవాడు, ఆమె వినేది, ఎర్ర రంగుతో గుర్తు పెట్టేది.

“రాళ్ల కోసం ఇస్త్రీ చొక్కానా అన్నయ్యా?” అని అతని చెల్లెలు గుమ్మంలోనే ఆపింది.

“దుమ్ము కనపడదని.”

“తెల్ల చొక్కా మీదా?”

రాళ్లు దింపడానికి క్వారీ మేనేజర్ మనుషుల్ని ఇవ్వనన్నాడు. “సంతకం నీది. ఏదైనా జరిగితే ఉద్యోగం కూడా నీదే పోతుంది,” అన్నాడు. అతను వారం సెలవు పెట్టి, ఇద్దరు పాత పనివాళ్లతో కలిసి నడుముకి తాడు కట్టుకుని, ఎర్ర గుర్తున్న రాళ్లన్నీ దింపాడు. తరువాత సంతకం పెట్టాడు.

కచేరీకి మూడు రోజుల ముందు కుంభవృష్టి కురిసింది. క్వారీ అడుగున మోకాలి లోతు నీళ్లు నిలిచాయి.

“క్యాన్సిల్,” అన్నాడు. “గోడ నానింది.”

“చివరికి భయపడ్డారన్నమాట!”

“అవును, భయమే! గోడ కింద నిలబడేది మీరు. ఇంకెవరైనా అయితే హెల్మెట్ ఇచ్చి ఊరుకునేవాణ్ణి.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె గోడకేసి ఓసారి చూసింది.

“గోడకి ఎంత దూరంలో ఉంటే మీకు భయం వేయదు?”

“అరవై మీటర్లు.”

“అక్కడ నీళ్లున్నాయి.”

అతను ఆలోచించాడు. “లారీ ఉంది.”

కచేరీ సాయంత్రం రెండొందల మంది గోడకి ఎదుటి గట్టు మీద పొడి రాతిమెట్లపై కూర్చున్నారు. నీళ్ల మధ్య నిలిపిన లారీ మీద ఆరుగురు వాయించారు. ఒక్కో స్వరం నీళ్ల మీదుగా వెళ్లి, గోడని తాకి, మెత్తబడి తిరిగొచ్చింది. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

సేఫ్టీ ఆఫీసర్ మాత్రం రబ్బరు బూట్లతో నీళ్లలో నిలబడి, కచేరీకి వీపు పెట్టి, గోడనే చూస్తున్నాడు. చిన్న పెళ్ల కూడా రాలలేదు.

చప్పట్లు ఆగాక ఆమె లారీ అంచుకొచ్చింది.

“ఒక్కసారైనా ఇటు చూడలేదు మీరు.”

“విన్నాను,” అన్నాడు, అటు తిరిగే. “మూడో పాటలో ఒకచోట తడబడ్డారు.”

“ఎందుకో తెలుసా? మీ మొహం కనపడితే బాగుండుననుకున్నాను. అప్పుడు చెయ్యి జారింది.” ఊపిరి తీసుకుంది. “మీ శనివారాలన్నీ నాకే కావాలి. గోడ పనైపోయినా సరే. ఇస్తారా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ చూపు గోడ మీద నుంచి రాలేదు.

జనంలో కూర్చున్న ఆమె తండ్రి గట్టు ఎప్పుడు దిగాడో, పంచె పైకెత్తి పట్టుకుని నీళ్లలో నడిచొచ్చి, అతని భుజం పట్టుకున్నాడు.

“జనమంతా లేచి వెళ్తున్నారు బాబూ. గోడని నేను చూస్తుంటాలే. నువ్విటు తిరిగి మా అమ్మాయికి జవాబు చెప్పు.”

అతను తిరిగాడు.